మా అక్క కుడివైపు నడక

మా అక్క హెర్‌బోర్గ్ మోకాళ్ళు ఆమె ఒక్కదాని సొంతం కావు, ఊరందరివీ. కొట్టుకి గుడ్ల కోసం వెళ్తే "మీ అక్క మోకాళ్ళెలా ఉన్నాయి సోల్వా?" అంటారు. చర్చి మెట్ల దగ్గర పాస్టరుగారు దేవుడి మాటకంటే ముందు మోకాళ్ళ మాట ఎత్తుతారు. రేవులో వల చిక్కు తీసుకునేవాళ్ళు పని ఆపి మరీ అడుగుతారు. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. మనిషి ఎలా ఉందని అడగరేం, మనిషంటే మోకాళ్ళేనా అని గయ్యిమనేదాన్ని. తర్వాత నాకే అర్థమైంది. వాళ్ళు అడుగుతున్నది మోకాళ్ళ గురించి కాదు, పాట గురించి.

మా ఫారో దీవుల్లో పాటంటే ఒక మూల కూర్చుని వినేది కాదు. ఊరంతా చేతులు పట్టుకుని వలయంగా నిలబడి, చెక్క నేల అదిరేలా కాళ్ళు తొక్కుతూ పాడేది. వాయిద్యమంటూ ఏదీ ఉండదు. రెండడుగులు ఎడమకి, ఒకడుగు వెనక్కి కుడికి, మళ్ళీ రెండు ఎడమకి. ఒకరు పాట ఎత్తుకుంటారు, మిగతావాళ్ళు అందుకుంటారు. ఆ ఎత్తుకునే మనిషిని స్కీపారి అంటాం. స్కీపారి కూడా వలయంలోనే ఉండాలి, అందరితో పాటు కాళ్ళు తొక్కాలి. కుర్చీలో కూర్చుని పాటెత్తుతానంటే మా ఊళ్ళో కుక్క కూడా వినదు.

మా నీపువిక్ ఊరికి సొంత పాట ఒకటుంది, ఒకదాని తర్వాత ఒకటి మునిగిపోయిన ఏడు పడవల పాట. చలికాలం చివర, ఈస్టరు ఉపవాసాలకి ముందొచ్చే సోమవారం నాడు దాన్ని పాడి తీరాలి. ఎంత పొడుగు పాటంటే, ఎత్తుకునేటప్పుడు పొయ్యి మీద పెట్టిన గొర్రె మాంసం పాట అయ్యేసరికి మెత్తగా ఉడికిపోతుంది. మాటలు పుస్తకంలో ఉన్నాయి, కాదనను. బాణీ మాత్రం మా అక్క గొంతులోనే ఉంది. కొండకి అవతల లాంబానెస్ ఊరివాళ్ళూ ఇదే పాట పాడతారు గానీ, వాళ్ళ బాణీ వేరు. అదొక బాణీయా! గొర్రెల్ని అదిలిస్తున్నట్టుంటుంది.

అక్క ఈ పాట మా అమ్మమ్మ దగ్గర ఉన్ని దువ్వుతూ నేర్చుకుంది. బడి మానేసిన ఏడాదే చేపల ఫ్యాక్టరీలో చేరింది. తడి సిమెంటు నేల, రబ్బరు బూట్లు, చేతిలో కత్తి, ముందర కాడ్ చేపల గుట్ట. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఒకే చోట నిలబడి కోయడమే పని. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, పెరిగారు, బావ నిక్లాస్ పోయాడు, ఆమె మాత్రం ఆ సిమెంటు నేల మీద నిలబడే ఉంది. ఇంటికొచ్చాక బంగాళాదుంప మళ్ళలో మోకాళ్ళ మీద పాకడం, చలి ముదరకముందే గొర్రెల్ని కొండ దింపడం. కాళ్ళు నొప్పులని ఒక్కనాడు అనలేదు. అనడం రాదామెకి. మా అమ్మ గొంతు పోయిన ఏడాది పాటెత్తే పని అక్క మీద పడింది. అప్పట్నుంచి ఏటా ఆ సోమవారం ఆటలో ఆమే.

కిందటేడు ఏమైందో చెప్తాను. పాట ఊపు మీదుంది. మూడో పడవ మునిగే చోటుకి వచ్చాం. అక్కడ అందరం గట్టిగా తొక్కుతాం, నేల ఉరుముతుంది. అక్క పక్కన నేనే ఉన్నాను, ఆమె చెయ్యి నా చేతిలో ఉంది. చటుక్కున ఆ చెయ్యి జారిపోయింది. కుడి మోకాలు పట్టేసింది, ముందుకీ రాదు, వెనక్కీ పోదు. అక్క గోడ పట్టుకుంది. పాట ఆగింది. వలయం తెగింది.

తెగింది అంటే మీకెలా చెప్పను? పాట మధ్యలో వలయం తెగడం మా ఊళ్ళో బతికున్నవాళ్ళెవరూ చూడలేదు. ఎవరో కుర్చీ తెచ్చారు. అక్క అందులో కూర్చుని, నా మొహం కూడా చూడకుండా, "ఇంక చాల్లే" అంది. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది.

డాక్టరు ఎక్సరే తీయించాడు. కీళ్ళవాతం, కీలు మధ్య ఉండే మెత్తటి పొర అరుగుతోంది అన్నాడు. ఆపరేషను మాట ఇప్పుడొద్దు, ముందు ఫిజియోథెరపీ చేయించుకోండి, చాలామందికి దాంతోనే తేలికవుతుంది అని కూడా అన్నాడు. అక్క చెవికెక్కింది మాత్రం ఒక్క మాటే.

"అరుగుతున్నదాన్ని ఇంకా అరగదీస్తారటే ఎవరైనా?" అంది ఇంటికొచ్చాక. "బూటు అడుగు అరిగితే ఏం చేస్తాం? దాచుకుని దాచుకుని వాడతాం. ఇదీ అంతే."

"అక్కా, ఆయన కసరత్తు చెయ్యమన్నాడు."

"ఆయన మోకాళ్ళతో ఆయన్ని చేసుకోమను."

ఇక అక్కడ్నుంచి కుర్చీయే లోకం. వంటింటి కిటికీ పక్కన కుర్చీ, ఒళ్ళో అల్లిక, కాళ్ళ కింద పీట. ఎండాకాలం వచ్చింది, పోయింది. పక్షులు వచ్చాయి, గుడ్లు పెట్టాయి, పోయాయి. మా అక్క మోకాళ్ళు దాచుకుంటూ కూర్చుంది. మరి దాచుకున్నవి బాగుపడ్డాయా? పొద్దున్నే లేస్తే కాళ్ళు కొయ్యబారి ఉండేవి. కుర్చీలోంచి లేవాలంటే బల్ల పట్టుకుని, పళ్ళు బిగించి, దేవుణ్ణి సాయం పిలిచి, అప్పుడు లేచేది. నేను చెవిలో జోరీగలా రొదపెట్టేదాన్ని. మొండిఘటం, వింటేగా! కోపమొచ్చి ఒకసారి ఆ పీటని తీసుకెళ్ళి గొర్రెల పాకలో పడేశాను కూడా. మర్నాటికి బకెట్టు బోర్లించుకుని దాని మీద పెట్టుకుంది కాళ్ళు.

ఆమెని కదిలించింది నేను కాదు. పాటల సంఘంవాళ్ళు.

చలి మొదలవుతుండగా ఒక ఆదివారం వాళ్ళు రూబార్బ్ అనే పుల్లటి కాడల కేకు పట్టుకుని వచ్చారు. కాఫీ తాగారు, వాన గురించి మాట్లాడారు, మోకాళ్ళ గురించి అడిగారు. చివరికి సంఘం పెద్ద గొంతు సవరించుకుని, "హెర్‌బోర్గమ్మా, నువ్వు ఇబ్బంది పడకూడదని చెప్పి... ఈసారికి లాంబానెస్ హానుస్‌ని పాటెత్తమని అడుగుదామనుకుంటున్నాం" అన్నాడు.

హానుస్ అంటే బావకి పినతండ్రి కొడుకు, అక్కకి మరిది వరస. చేపలు పట్టే ట్రాలరు ఓడ మీద ఇంజను చూసే పని చేసి రిటైరయ్యాడు. వాళ్ళూరి స్కీపారి.

కేకు కోస్తున్న కత్తి ఆగిపోయింది. "హానుసా?" అంది అక్క. "మన పాట? ఆ బాణీలో?"

వాళ్ళు వెళ్ళాక అక్క కిటికీలోంచి కొండవైపే చూస్తూ కూర్చుంది. నేను కప్పులు కడుగుతున్నాను. "సోల్వా," అంది. "ఆ కసరత్తుల పిల్ల ఎక్కడుంటుందన్నావ్? రేపు కారు తియ్యి."

నేను చేతిలో కప్పు వదిలేశాను. పగిలితే పగిలింది, వెధవ కప్పు!

సముద్రం కింద సొరంగం దాటి పట్టణానికి వెళ్ళాం. ఆ పిల్ల పేరు మలన్. పడవ పందేల్లో తెడ్డు వేసిన చేతులు, పెద్ద నవ్వు. ఎక్సరే ఒక్క చూపు చూసి పక్కన పెట్టేసింది. "ఎక్కడ నొప్పో తర్వాత చూద్దాం. మీకేం చెయ్యాలనుందో ముందు చెప్పండి," అంది.

అక్క ఏ మాత్రం తడుముకోలేదు. "ఏడు పడవలూ మునిగేదాకా నిలబడాలి."

మలన్ ఈ దీవుల పిల్లే కదా, ఇంకేం అడగలేదు. "నిలబడితే చాలదుగా పెద్దమ్మా, తొక్కాలి కూడా," అంది.

అక్క తన బూటు సిద్ధాంతం చెప్పింది. మలన్ ఓపిగ్గా విని, "బూటుకి ప్రాణం లేదు పెద్దమ్మా, మోకాలికి ఉంది. అదే తేడా," అంది. ఆ మెత్తటి పొరకి రక్తనాళాలు లేవట. నొక్కి వదులుతుంటేనే దానికి చుట్టూ ఉన్న ద్రవంలోంచి తిండి అందుతుందట, నీళ్ళలో పిండిన స్పాంజి లాగా. కూర్చోబెడితే దానికి పస్తే. చుట్టూ ఉన్న కండ సన్నబడిపోతే బరువంతా కీలు మీదే పడుతుంది. కండ గట్టిపడితే ఆ బరువు అది మోస్తుంది. అరిగిన పొర తిరిగి కొత్తదైపోతుందని నేను చెప్పను, నొప్పి తగ్గుతుందనీ, నడక వస్తుందనీ మాత్రం చెప్తాను అంది.

"మరి నొప్పి పుడితే?" అని అడిగింది అక్క. అది అడిగేటప్పుడు గొంతు చిన్నదైపోయింది. నేనప్పుడు గమనించాను. మా అక్కకి భయం! కత్తితో వేలు తెగితే గుడ్డ చుట్టుకుని పని చేసుకున్న మనిషికి భయం!

"పుడుతుంది. ఓర్చుకోగలిగినంత అయితే చెయ్యండి. నొప్పి పుట్టిందంటే లోపలేదో విరిగిందని కాదు. కసరత్తు ఎక్కువైందా లేదా అన్నది అప్పుడు తేలదు, మర్నాడు పొద్దున తేలుతుంది. పొద్దున లేచేసరికి మామూలుగా ఉంటే సరిపోయినట్టు. వాచి, రోజంతా సలుపుతుంటే మనం ఎక్కువ చేసినట్టు, తగ్గిద్దాం. మర్నాటి పొద్దుదే తీర్పు."

అలా మొదలైంది. వారానికి రెండు పూటలు బడి వ్యాయామశాలలో తరగతి, మిగతా రోజులు ఇంట్లో. కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం. మెట్టెక్కడం, దిగడం, మోకాలు లోపలికి ఒరిగిపోకుండా కాలివేళ్ళ మీదుగా ఉండాలి. రెండు కాళ్ళకీ కలిపి రబ్బరు పట్టీ వేసుకుని పక్కకి అడుగులు.

మొదటి రోజు తరగతి తలుపు తీసేసరికి లోపల ఎవరున్నారనుకున్నారు? హానుస్! నడుముకి పట్టీ, మొహం నిండా చెమట. తుంటి అరిగిందట ఆయనకి.

"వదినా!" అన్నాడు నోరు తెరిచి. "నువ్వా!"

"నువ్వేంటయ్యా ఇక్కడ? మా పాటెత్తడానికి సాధన చేస్తున్నావా?"

"మరే! మీవాళ్ళు అడిగారుగా. క్రీం బన్నులు కూడా పెడతామన్నారు. నువ్వు బాగుపడ్డావంటే నా బన్నులు పోతాయి వదినా, కాస్త నెమ్మదిగా చెయ్యి."

"బన్నులు తినడానికి రా, ఎవరొద్దన్నారు? నోరు మాత్రం తినడానికే తెరువు."

ఇక చూస్కోండి. హానుస్ ఎన్నిసార్లు కుర్చీలోంచి లేస్తే అక్క అంతకి పైన లేచేది. మలన్ వచ్చి "ఇది పందెం కాదు!" అని ఇద్దర్నీ కసిరేది. కసిరితే ఆగుతారా! అక్క మొహం ఎర్రబడి, జుట్టు నుదుటికి అంటుకుపోయి, ఫ్యాక్టరీలో పడుచుపిల్లగా ఉన్నప్పటిలా కనిపించేది నాకు.

మొదటి పొద్దుల్లో తిట్టుకుంటూ లేచింది. తర్వాత తిట్లు తగ్గాయి. ఒకరోజు నేను తలుపు తడితే వచ్చి తీసింది. ఏదో మాట్లాడుతూ సగంలో ఆగి, "సోల్వా, నేనెలా లేచానే?" అంది. బల్ల పట్టుకోలేదు, పళ్ళు బిగించలేదు, ఆమెకే తెలీకుండా లేచి వచ్చేసింది! ఇద్దరం గుమ్మంలో వాన పడుతుండగా చిన్నపిల్లల్లా గెంతాం. గెంతాక ఇద్దరికీ భయమేసింది. మర్నాడు పొద్దున ఏమీ కాలేదు!

అంతా బాగుంది కానీ, కుడి మోకాలు మాత్రం ఒక చోటికి వచ్చి మొండికేసింది. ఎడమ కాలు ఉక్కులా తయారైంది. కుడి కాలు మీద మెట్టు దిగితే మోకాలు లోపలికి ఒరుగుతుంది, చురుక్కుమంటుంది. మలన్ తల పట్టుకుంది. ఆట దగ్గర పడుతోంది. పట్టేసిన మోకాలు అదే మరి.

"ఇంట్లో రోజూ చేస్తున్నారా పెద్దమ్మా? నిజం చెప్పండి."

"దీన్నడుగు!" అంది అక్క నన్ను చూపిస్తూ. "నా వంటింటి బల్ల చుట్టూ నేలకి దారి పడిపోయింది."

"ఏదీ, ఇంట్లో ఎలా చేస్తారో అలాగే ఒకసారి చేసి చూపించండి. పట్టీతో పక్కకి నడవడం."

అక్క పట్టీ వేసుకుంది. మోకాళ్ళు కాస్త వంచింది. నోట్లో ఏడు పడవల బాణీ ఎత్తుకుంది, ఊతానికి. రెండడుగులు ఎడమకి, ఒకటి కుడికి, రెండు ఎడమకి. మధ్యలో ఒక కుర్చీ పెట్టుకుని దాని చుట్టూ గుండ్రంగా తిరుగుతోంది. మలన్ కూడా బాణీ అందుకుని కాలితో తాళం వేస్తోంది. అంతలో ఆ కాలు ఆగిపోయింది.

"ఆగండాగండి. మరి కుడివైపు ఎప్పుడు వెళ్తారు?"

"మధ్యలో ఒకటి వెళ్తున్నాగా."

"అది కాదు. తిరిగి రావడం?"

"తిరిగి రావడమేంటి?" అంది అక్క. "వలయానికి తిరిగి రావడముంటుందా?"

మలన్ మెల్లిగా తల తిప్పి హానుస్ వైపు చూసింది. ఆయన ఆ మూల తన కుర్చీ చుట్టూ తిరుగుతున్నాడు. ఎడమకి రెండు, కుడికి ఒకటి. పక్కన ఇంకో పెద్దావిడ కూడా అంతే. తరగతి తరగతంతా ఎడమకే పోతోంది!

మలన్ అక్కడే నేల మీద చతికిలబడి నవ్వింది. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "నేను రెండు వైపులా సమానంగా వెయ్యండని చెప్పాను. రోజూ చూస్తూనే ఉన్నాను. నా కంటికి ఒక్కరోజైనా తప్పనిపిస్తేనా! నేనూ ఇక్కడ పుట్టినదాన్నేగా!" అంది. ఎడమకే ముందు పడీ పడీ ఎడమ తుంటి బలిసింది, కుడి తుంటి వెనకబడింది. తుంటి పట్టు లేక కుడి మోకాలు లోపలికి ఒరుగుతోంది. సంగతి అదీ. "ఇప్పట్నుంచి కుడివైపు," అంది.

"కుడికా!" అంది అక్క. దొంగతనం చెయ్యమన్నట్టు చూసింది ఆ పిల్లని.

ఇంటికొచ్చి మొదట చేసిన పని కిటికీ తెరలు వెయ్యడం. అపసవ్యంగా తిరుగుతుంటే ఎవరైనా చూస్తే, హెర్‌బోర్గ్‌కి మోకాళ్ళే కాదు, మతి కూడా పోయిందనుకుంటారట. పట్టీ వేసుకుంది, కుడికి అడుగు వేసింది, పాట ఎత్తుకుంది. రెండో చరణం దగ్గర నోరు ఆగిపోయింది. మళ్ళీ మొదట్నుంచి. మళ్ళీ ఆగింది. కళ్ళు పెద్దవి చేసుకుని నా వైపు చూసింది.

"మాటలు రావట్లేదే!"

నిజంగానే రాలేదు. ఎడమ కాలు ముందు పడితేనే ఆ మాటలొస్తాయి. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ అంతే కదా. కుడికి తిరిగితే పాట మొత్తం తుడిచిపెట్టుకుపోతోంది. అక్క మొహం పాలిపోయింది. "మోకాలు బాగు చేసుకోబోతే పాట పోయేలా ఉంది. నేను చెయ్యను," అని పట్టీ విప్పి పడేసింది.

ఆట ఇంక ఎంతో దూరం లేదు. కోపమో, భయమో, తిక్కో తెలీదు గానీ, "అయితే మన బాణీలో పాడకు! ఆ హానుస్ బాణీలో పాడుకో! తప్పు దిక్కుకి తప్పు బాణీ!" అని అరిచాను.

అక్క నన్ను అలాగే చూసింది. తర్వాత నవ్వడం మొదలెట్టింది. నవ్వుతూ నవ్వుతూ పట్టీ మళ్ళీ వేసుకుంది. తరగతిలో హానుస్ కూనిరాగం విని విని ఆ గొర్రెలదిలించే బాణీ ఆమెకి వచ్చేసింది కూడా. కుడికి రెండడుగులు వేస్తూ లాంబానెస్ బాణీ పాడింది. మాటలు బుద్ధిగా వెంట వచ్చాయి! ఆ రోజు నుంచీ అక్క ఇంట్లో తెరల వెనక శత్రువుల పాట మోగుతూనే ఉంది. ఎడమకి మాది, కుడికి వాళ్ళది. కుడి మోకాలు లోపలికి ఒరగడం తగ్గింది. మెట్టు దిగుతుంటే చురుకు కూడా తగ్గింది. మలన్ చూసి చప్పట్లు కొట్టింది. సంఘంవాళ్ళకి కబురు పంపింది అక్క: పాట నేనే ఎత్తుతున్నాను, హానుస్‌కి బన్నులు పెట్టండి.

సోమవారం సాయంత్రం వచ్చింది. నాట్యశాలలో ఊపిరాడనంత జనం. మలన్ వచ్చింది. హానుస్ వచ్చాడు, రెండు చేతుల్లోనూ బన్నులే. అక్క మధ్యకి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది. ఎత్తుకుంది.

అబ్బ, ఆ గొంతు! ఏడాదంతా ఎక్కడ దాచుకుందో! నేల ఉరిమింది. వలయం పాములా మెలికలు తిరుగుతూ గదంతా నిండింది. మొదటి పడవ మునిగింది. రెండో పడవ మునిగింది. మూడో పడవ దగ్గరికి వస్తుంటే అందరి కళ్ళూ పాట మీద లేవు, అక్క కుడి మోకాలి మీదే ఉన్నాయి. గట్టిగా తొక్కే చోటు రానే వచ్చింది. తొక్కింది. ఆమె వేళ్ళు నా వేళ్ళని నలిపేశాయి. నొప్పి! నాకు తెలిసిపోయింది. గొంతు తడబడింది. ఇంకేముంది, అయిపోయింది అనుకున్నాను. నా నోరు మూసుకుపోయింది.

తడబడిన గొంతు ఎక్కడ తేలిందో తెలుసా? లాంబానెస్ బాణీలో! మా ఊరి నాట్యశాలలో, మా ఊరి పాట, వాళ్ళ బాణీలో!

"అద్దీ!" అని కేకేశాడు హానుస్. ఒక్క క్షణం అందరూ నోరెళ్ళబెట్టారు. తర్వాత నవ్వులే నవ్వులు, పైకప్పు లేచిపోయేలా. ఆ నవ్వుల్లోనే చూశాను. అక్క చెయ్యి వదల్లేదు. అడుగు కాస్త కురచ చేసింది, మోకాలు వేళ్ళ మీదికి తెచ్చుకుంది, బరువు తుంటి మీదికి తీసుకుంది. కిందటేడు ఈ నొప్పికే గోడ పట్టుకుంది. ఇప్పుడు ఆ నొప్పితో పాటే రెండడుగులు ఎడమకి వేసింది. వేసి, మా బాణీని తిరిగి అందుకుంది. మూడో పడవ మునిగింది! నాలుగోది, అయిదోది మునిగాయి. మేం అరిచినట్టు పాడాం. ఆఖరి పడవ మునిగాక ఎవరూ చేతులు వదల్లేదు, అలాగే నిలబడి రొప్పుతూ ఏడ్చేవాళ్ళు ఏడ్చారు, నవ్వేవాళ్ళు నవ్వారు.

నేను మలన్‌ని వాటేసుకున్నాను. "గెలిచాం!" అన్నాను.

"రేపు పొద్దున చెప్పండి ఆ మాట," అంది మలన్. ఆ నవ్వులో కాస్త బెదురుంది.

నాకేం నిద్రపడుతుంది? పడుకున్నా, లేచినా అదే. వాచిందేమో, మంచం దిగలేకపోతోందేమో, మళ్ళీ ఆ కుర్చీ, ఆ పీట. మసక వెలుతురు రాగానే కోటు వేసుకోబోతుంటే తలుపు దబదబా బాదారు. తీశాను.

అక్క! మా ఇల్లు ఊరి పై చివర, నిట్టనిలువు దారి. మంచు తడిలో ఒక్కత్తీ నడిచి ఎక్కి వచ్చింది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి.

"ఏదీ, చూపించు," అన్నాను.

గుమ్మంలోనే గౌను పైకెత్తింది. మోకాలు మామూలుగా ఉంది. వాపు లేదు. నేను అక్కడే కూలబడి ఆ మోకాలు పట్టుకుని బావురుమన్నాను.

"ఏడుపాపు," అంది. లోపలికి రాలేదు, కూర్చోలేదు. "రాత్రంతా ఒక సంగతి ఆలోచించానే. మూడో పడవ దగ్గర నా గొంతు తప్పింది కదా. పక్కన నువ్వు అందుకుంటావని చూశాను. నువ్వు నోరు మూసుకున్నావు."

"భయమేసిందక్కా. నీ మోకాలు..."

"మోకాలికి మలనుంది. పాటకెవరున్నారు?" అంది. "కిందటేడు తెగింది నా మోకాలి వల్ల కాదు సోల్వా. ఆ గదిలో ఇంకొక్కళ్ళకి వచ్చుంటే తెగేదే కాదు. వచ్చే ఏడు మొదటి పడవ నీది. లే."

లేచాను. చెయ్యి చాపింది, పట్టుకున్నాను. నాకు రాత్రి గౌను మీద కోటు, కాళ్ళకి జోళ్ళు కూడా లేవు. వాకిట్లో తడి గడ్డి మీద అక్క ఎడమకి అడుగు వేసి నా నోటివైపే చూస్తూ నిలబడింది. తను ఎత్తుకోలేదు.

నేను ఎత్తుకున్నాను.